అంగుళన్నర

ఒంగోలు కర్నూలు రోడ్డు షెడ్డులో
మస్తానన్న కారుకి అబద్ధం చెప్పాడు.
సెన్సారు కడ్డీ మార్చి బిగించి,
నువ్వు మరీ ఎత్తులో ఉన్నావని.

నమ్మింది పిచ్చిది. బుస్సుమని
నాలుగు గాలితిత్తులూ ఊపిరొదిలి
అంగుళన్నర కిందికి కూచుంది.

"ఇదీ బండంటే!" క్వారీ చెంచురామయ్య
బానెట్టు నిమిరాడు, పాలిష్ పట్టిన చీమకుర్తి రాయిలా.
నాకేమో ఆ దారి గుర్తొచ్చింది:
బండల లారీలు తొక్కిన గుంటలు,
సంతనూతలపాడు దగ్గర సున్నం కొట్టని స్పీడుబ్రేకరు.
చెప్పబోతే మస్తానన్న కాలు తొక్కాడు.

ఓ రౌండేసి వచ్చాడు.
తలుపు తెరుచుకుంది, మనిషి దిగలేదు.
మోకాళ్లు సీటుకన్నా పైనున్నాయి.

మూడేళ్లుగా డబ్బు బల్లమీద పెట్టడమే గానీ
మా చేతిలో పెట్టనివాడు
నా గ్రీజు చేతికేసి కాసేపు చూసి
"పట్టుకో అబ్బయా" అన్నాడు.