అడ్మిన్

రాత్రి రెండింటికి దిగిందట కొత్త వెర్షన్.
పొద్దున షట్టరెత్తేసరికి
తెర మీద పదిహేడు మార్పుల జాబితా.
అగరొత్తి వెలిగించి
ముందు దండం పెట్టుకున్నాను, తర్వాత చదివాను.

కంపెనీ తరఫున బెజవాడ నుంచి వచ్చిన రిజ్వాన్
గేటు దాటగానే తుమ్మడం మొదలెట్టాడు.
మా మిర్చి యార్డు కొత్తవాళ్ళని అలాగే పలకరిస్తుంది.
జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే
గ్రాఫులు చూపించాడు:
ఏ రకం, ఏ వారం, ఏ ఊరి నుంచి,
కోల్డ్ స్టోరేజీలో నిద్రపోతున్న టిక్కీలెన్ని,
వచ్చే నెల ధర ఎటు ఒరుగుతుందో చుక్కల గీత.
"పచ్చరంగు లాభమండీ, ఎరుపు నష్టం."

వీరరాఘవులు గారు కళ్ళజోడు నుదుటికి నెట్టారు.
"ఎరుపు నష్టమా?
ఎక్కడ బాబూ, ఈ గుంటూర్లోనా?"
బయట తేజా, బాడిగా రాశులు పోసి ఉన్నాయి,
కళ్ళు చికిలించకుండా చూడలేనంత.
"మాకు నష్టం తెల్లగా ఉంటుంది. తాలుకాయలా."
రంగులు తిరగెయ్యడానికి అరగంట పట్టింది.
సాఫ్ట్‌వేర్ ఒకరి మాట వినడం
నేను చూడ్డం అదే మొదలు.

అసలు చిక్కు తాళాల దగ్గర.
పదకొండేళ్ళుగా మాది ఒకటే పాస్‌వర్డ్, తేజ334.
నాకు తెలుసు, కాటా వెంకటప్పయ్యకు తెలుసు,
టీ తెచ్చే పిల్లాడికి తెలుసు,
ఎదురు కొట్టువాళ్ళకి తెలిసినా
మర్యాదగా తెలియనట్టుంటారు.
దాన్ని చూసి కొత్త వెర్షన్ "బలహీనం" అంది,
డాక్టరు బీపీ చెప్పినట్టు.

ఇక ఎవరి పేరు వాళ్ళదే, ఎవరి వేలు వాళ్ళదే.
ఫోనుకొచ్చే ఆరంకెలు ఎవరికీ చెప్పకూడదు.
ముచికలు తీసే ఆడవాళ్ళ హాజరు కూడా వేలితోనే.
పద్నాలుగు మందికి ఎర్రగా టిక్కు పడింది.
సామ్రాజ్యం వేలిని మాత్రం యంత్రం ఒప్పుకోలేదు.
తుడిచింది, కొంగుకి రాసింది, కొబ్బరినూనె పూసింది.
ముప్పై ఏళ్ళ ముచికలతో పాటే
ఆమె గీతలూ గిల్లుకుపోయాయి.
"నేను నేను కాదంటందేందయ్యా ఇది" అని నవ్వింది.
వేలికి బదులు నాలుగంకెలిచ్చాం.
మనవరాలు పుట్టిన తేదీ పెట్టుకుంది.
పెట్టుకుని అందరికీ చెప్పింది.

పన్నెండో మార్పు ఒకటుంది.
ప్రతి దిద్దుబాటు కిందా జాడ:
ఎవరు, ఎన్ని గంటలకు,
ఎంత ఉన్నదాన్ని ఎంత చేశారు.
రిజ్వాన్ సరదాకి పాత లెక్కలు తెరిచాడు.
తడిసిన సరుక్కి తరుగు
బస్తాకి రెండు కిలోలు పడాల్సిన చోట
కిలోన్నర, కిలో, ఒకచోట ముప్పావు.
ఏటా నాలుగైదుసార్లు, పొద్దుగుంకాక.
చేసిందెవరని చూస్తే
అన్నిచోట్లా ఒకటే పేరు. అడ్మిన్.

వెంకటప్పయ్య కాటా వైపు చూశాడు.
నేను రిజ్వాన్ తుమ్ము కోసం ఎదురుచూశాను.
వీరరాఘవులు గారు బల్ల మీది అగరొత్తి నుసి దులుపుతూ
"పాతవెందుకులే, మూసెయ్" అన్నారు.
వాటిలో కొన్ని నావి.
అన్నీ నావి కావు.
మిగిలినవి ఎవరివో అడిగే హక్కు
నాకు ఏ వెర్షనూ ఇవ్వలేదు.

సాయంత్రం ఫిరంగిపురం నుంచి ఆటోలో మూడు టిక్కీలు.
పేరేచర్ల దగ్గర జల్లు పట్టుకుందట.
యేసోబు మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు,
ఏమీ అడగలేదు.
తరుగు గడిలో రెండు కొట్టి, చెరిపి, ఒకటి కొట్టాను.
తెర ఆగింది.
ఇంటిపేరుతో సహా నన్ను నాకు చూపించి
కారణం రాయమంది.
"వాన" అని రాశాను.
కనీసం పది అక్షరాలుండాలంది.
ఇన్నేళ్ళ చాటు తర్వాత
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను:
"వాన అతను కురిపించింది కాదు."
ఫోనుకి ఆరంకెలొచ్చాయి.
ఎవరికీ చెప్పలేదు.
నొక్కాను.