అధమ వాహకం

ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం
రాగిని ఉత్తమ వాహకం అంది.
చెక్కనీ గాజునీ గాలినీ
అధమ వాహకాలంది.
అధమం అన్న మాట దగ్గర
అప్పుడే నాకు ముల్లు గుచ్చుకుంది.

ఇరవై రెండేళ్లయింది.
నాచారంలో, మందుల ఫ్యాక్టరీ వాసన దాటాక
రేకుల షెడ్డు వెనక గది మా ప్రయోగశాల.
రోజంతా నేను అధములతోనే ఉంటాను.

పొద్దున కరెంటు పని.
అభ్రకం కాగితం పొరలు, ఎపాక్సీ జిగురు,
అరచేతిలో పట్టేంత పలక.
మూడు నెలలు వేడిలో, వోల్టేజీ కింద
కావాలని ముసలిదాన్ని చేసిన పలక.
నూనె తొట్టిలో ముంచి, ఇత్తడి గుండ్ల నడుమ బిగించి
నిమిషానికో కిలోవోల్టు పెంచుతాను.
పదిహేను. ఇరవై. ఇరవై ఆరు.
పలక పలకదు.
ముప్పై ఒకటి దగ్గర
టప్‌మని ఒక్క చప్పుడు.

తీసి చూస్తే సూదిమొనంత నల్ల చుక్క.
భూతద్దం కింద
చెట్టు వేళ్లలా కాలిన దారులు.
ఎక్కడ మొదలైందని వెనక్కి వెతుక్కుంటూ పోతే
పోత పోసిన రోజు చిక్కుకున్న గాలి బుడగ.
ఆవగింజలో పదో వంతు లేదు.
మూడు నెలలు దానిలోనే
ఎవరికీ వినపడని మెరుపులు మెరిసి
లోపల్లోపలే కొరుక్కుతిన్నాయి.
రిజిస్టరులో రాస్తాను: కారణం, గాలి.

మధ్యాహ్నం వేడి పని.
ఊక బూడిద, సున్నం, కాస్త జనపనార
నురగ కట్టించి ఆరబెట్టిన పలకలు.
ఎత్తితే అప్పడాల కట్టంత బరువు.
అటు వేడి పళ్లెం, ఇటు చల్ల పళ్లెం,
నాలుగు గంటలు ఆగితే గాని
అంకె నిలబడదు.
సున్నా పాయింట్ సున్నా ఆరు.
ఇందులో పని చేసేది ఊకా కాదు, సున్నమూ కాదు.
చిన్న చిన్న గదుల్లో
కదలకుండా కూర్చున్న గాలి.
రిజిస్టరులో రాస్తాను: కారణం, గాలి.

అదే పెన్ను.
పొద్దున దొంగ, సాయంత్రానికి కావలివాడు.

మే నెలలో, బోరబండలో, ఫర్హత్ ఇంటి రేకు కింద
సగం కప్పుకి మా పలకలు కొట్టించాం.
రేకు పక్క నలభై నాలుగు.
పలకల పక్క ముప్పై ఎనిమిది.
ఆమె నా థర్మామీటరు చూడలేదు.
కుట్టుమిషన్ చూపించింది.
"ఇటు జరిపిన మేడం.
ఇప్పుడు పగటిపూట గూడ కుడుతున్న."
ఆ మాట రాసుకోవడానికి
నా పట్టికలో గడి లేదు.

జూన్‌లో మొదటి వాన.
మేకు దిగిన చోట రేకు కారింది.
పలక నీళ్లు తాగి బరువెక్కింది.
ఊడదీసి తెచ్చి కొలిస్తే అంకె మూడింతలు.
గాలి కూర్చున్న గదుల్లో
నీళ్లు కాపురం పెట్టాయి.
ఫర్హత్ మిషన్‌ని మంచం మీదికెక్కించి
"ఎండల వరకైతే మంచిగుండె" అంది.
తప్పు నాదే అన్నాను.
మేకు నేనే కొట్టించాను.

మా నాన్న ఫతేనగర్‌లో మోటార్లు చుట్టేవాడు.
తీగ మీద వార్నిష్ గీరుకుపోతే
చుట్టంతా విప్పి మళ్లీ మొదలెట్టేవాడు.
షావుకారు తిట్టిన తిట్లు ఏ సాయంత్రమూ
మా గడప దాటి రాలేదు.
ఎక్కడ ఆపేవాడో ఎవరం అడగలేదు.
యాభై మూడో ఏట, ఆస్పత్రి తెర మీద
నల్లటి కొమ్మలు చూపించి డాక్టరు ఏదో చెబుతుంటే
నేను వెనక్కి వెతుక్కుంటూ పోయాను,
ఏ రోజు చిక్కుకున్న బుడగో అని.
స్టెంట్ వేశారు.
ఇప్పుడు టీవీ మీద అరుస్తాడు.
కూర మీద, కరెంటు బిల్లు మీద అరుస్తాడు.
అమ్మ తలుపు వేయబోతే
ఉండనీ అంటాను.

ఇవాళ కొత్త పలక. పైన మైనం పూత.
ఫర్హత్ ఇంటికి తీసుకెళ్లే ముందు
బకెట్ నీళ్లలో ముంచాను.
ఊరికే పైకి తేలుతోంది,
లోపలి గాలి ఒప్పుకోవడం లేదు.
మీద ఓ రాయి పెట్టాను.
రేపు ఇదే వేళకి
తీసి, తుడిచి, తూచాలి.