పదిలో ఒకటి

కేజీహెచ్ డౌన్ దిగుతుంటే
ఎడంచేతి వైపు, జిరాక్స్ షాపు మీద మా ల్యాబు.
కిటికీ తెరిస్తే సముద్రం కనబడదు,
దాని చెమట మాత్రం లోపలికొస్తుంది:
సీసాల మూతల మీద, నా కళ్లద్దాల మీద,
తెల్లారేసరికి తూకం యంత్రం మీద
వేలితో రాస్తే పేరు కనబడేంత ఉప్పు.

మందు ఇక్కడికి చిక్కగా వస్తుంది.
యంత్రం తాగే ముందు పలచన చెయ్యాలి.
పెట్టె మీద రాసుంటుంది
ఒకటి, రెండు చుక్కలు, తొమ్మిది.
ఆ రెండు చుక్కల మధ్య
ఎంతమంది జారిపడ్డారో నాకు తెలుసు.

పోయిన శ్రావణంలో, నైట్ డ్యూటీలో గౌరీసు
ఒకటికి పది పోశాడు.
పదోవంతు అంటే పదే కదా అనుకున్నాడు.
తప్పెంత? అరగ్లాసు నీళ్లు.

పొద్దున్నే డాక్టరుగారి ఫోను:
"ఏమ్మా, ఒక్క రాత్రిలో
మద్దిలపాలెం నుంచి మల్కాపురం దాకా
అందరికీ కాల్షియం తగ్గిపోయిందా?"

నలభైమూడు రిపోర్టులు వెనక్కి పిలిచాం.
జాలరిపేట పెద్దాయన మళ్లీ చెయ్యి చాపాడు.
"ఏటమ్మా, తేడా నా రగతంలోదా, మీ సీసాలోదా?"
"మా సీసాలోదే."
"అయితే మంచిదే" అని పిడికిలి బిగించాడు.

మా అమ్మ పూర్ణామార్కెట్ సందులో చోడంబలి అమ్మేది.
గరిటె ఎత్తి, జారే తీరు చూసి నీళ్లు పోసేది.
పలచనైతే తాగినోడి కడుపే చెబుతుంది,
మధ్యాహ్నానికి తిరిగొచ్చి తిడతాడు.
ఇక్కడ ఎవరూ రుచి చూడరు.
అంకె అబద్ధమాడినా
అందంగానే అచ్చవుతుంది.

నేను చేసింది పెద్ద పనేం కాదు.
మా చెల్లి గోళ్లరంగులు రెండు తెచ్చి
లీటరు కొలజాడీ మీద గీతలు గీశాను.
ఎర్రగీత దాకా మందు,
గులాబీ గీత దాకా నీళ్లు.
గీసే ముందు మూడుసార్లు తూచాను.
ఇంక లెక్క అక్కర్లేదు, చూస్తే చాలు అన్నాను.

చూడటమే కష్టం.
నీళ్లు గాజును పట్టుకుని అంచున కాస్త పాకుతాయి,
నడుమ పల్లమవుతాయి.
ఆ పల్లం అడుగు గీతను తాకాలి.
నిలబడి చూస్తే ఒక మాట, వంగి చూస్తే ఒక మాట.
"మోకాళ్లు వంచరా గౌరీసూ,
గీత నీ దగ్గరికి రాదు."
వాడు వంగాడు.
సింహాచలం కొండ మీద కూడా
వాడు అంత వంగడం నేను చూళ్లేదు.

ఈ ఏడు కొత్త యంత్రం వచ్చింది.
చిక్కటి సీసాకో గొట్టం, నీళ్ల డబ్బాకో గొట్టం,
తనే పీలుస్తుంది, తనే కలుపుతుంది,
కలిపినట్టు సన్నగా కూత కూడా వేస్తుంది.
బిగించిన కుర్రాడు చేతులు దులుపుకున్నాడు:
"ఇక మనిషి తప్పుండదు మేడం."
"నీళ్లెక్కడివని అడుగుతుందా?" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
ముడసర్లోవ ఎండి, ట్యాంకరొచ్చి, ఫిల్టరు అలిసిపోయిన రోజు
అదే గీతకు, అదే కూతతో
తప్పు నీళ్లు పోస్తుంది కదా మరి.
అందుకే పొద్దున్నే మీటరు ముంచి
నీళ్లను ముందు నేను పలకరిస్తాను.

నిజం చెప్పొద్దూ, నడుముకి మాత్రం సుఖంగా ఉంది.

మొన్న తుపాను వారం
గొట్టం మూతిలో ఉప్పు గడ్డకట్టి
యంత్రం ఎర్రలైటు వేసుక్కూచుంది.
కంపెనీవాడు రావడానికి రెండురోజులన్నాడు.
అలమారా పైనుంచి గౌరీసే కొలజాడీ దింపాడు.
ఎర్రగీత ఉంది. గులాబీ గీత
ఉప్పు గాలికి పెచ్చులూడిపోయింది.
నేను టీ తాగి వచ్చేసరికి
అక్కడ కొత్తగీత, ఇంకా తడిగా,
ఈసారి నీలం.

"తూచే గీశావా?"
తలెత్తలేదు,
మోకాళ్ల మీదే ఉన్నాడు, ఒక కన్ను మూసి.
"మూడుసార్లు."