నడుమ పెట్టె

సొహార్ ఆసుపత్రి, నేలమాళిగ.
బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల నాకు స్వెట్టర్.
ర్యాకుల్లో పదకొండేళ్ల ఎక్స్‌రేలు:
విరిగిన మణికట్లు, మసకబారిన ఊపిరితిత్తులు,
రేవులో క్రేన్ కింద పడ్డవాళ్ల వెన్నుపూసలు.

ఇవాళ వాటికీ క్లౌడ్‌కీ నడుమ ఒక పెట్టె బిగించాను.
రోజూ అడిగేవి తన దగ్గరే ఉంచుకుంటుంది,
అడగనివి పంపేస్తుంది,
పేరు మాత్రం ఇక్కడే అట్టిపెట్టి.
పిలిస్తే పలుకుతాయి, కాస్త ఆలస్యంగా.

"మబ్బులకా? ఈ దేశంల మబ్బేడున్నది బిడ్డా?"
ఏసీ మెకానిక్ గుండేటి లచ్చన్న.
అదీ ఒక షెడ్డే, ఇంకో ఎడారిలో, అన్నాను.
"అయితే ఆడగూడ ఏసీకి ఎవడో ఉంటడు"
అని ఫిల్టరు దులిపాడు.

రాత్రి రెండింటికి లింకు తెగింది.
పెట్టె కంగారుపడలేదు.
వచ్చిన ప్రతి బొమ్మనీ కడుపులో దాచుకుని
పంపాల్సిన లెక్క మాత్రం ఎర్రగా చూపింది.
మూడింటికి ఎమర్జెన్సీలో ఎవరిదో మోచెయ్యి;
అదీ వచ్చి వరుసలో నిలబడింది.

తెల్లారి లింకు కలిసింది. చివరిది కదిలేదాకా కూర్చున్నాను.

"నాదొకటి ఉంటది, చూడు. రెండువేల పదిహేడుది. ఛాతీ."
అప్పట్నుంచి ఎవరూ తెరవలేదు దాన్ని.
తొమ్మిది సెకన్లు పట్టింది రావడానికి.
ఆ తొమ్మిదీ లచ్చన్న
ఊపిరి బిగబట్టే ఉన్నాడు,
వదలమని ఇంకా ఎవరూ చెప్పనట్టు.