ముప్పై ఎనిమిది వేలు

గిల్మోర్ వీధిలో వాన ఏటవాలుగా పడుతుంది.
రైలు వంతెన కింద జీప్నీలు ఆగి
తడిసిన మనుషుల్ని దింపి పోతాయి.
మా కొట్టు వెడల్పు ఏడడుగులు.
పదకొండేళ్లుగా స్క్రూడ్రైవరే నా ఆరో వేలు.

ఆమె పేరు మారివెల్ తుమాంగన్.
లాండ్రీలో పని; వేళ్ల చివర్లు నానిన బియ్యంలా తెల్లగా.
ప్లాస్టిక్ సంచిలో చుట్టిన నోట్లు కౌంటరు మీద పెట్టి
"ముప్పై ఎనిమిది వేల పెసోలు" అంది. "ఆ పైన అడగొద్దు."

చిత్రమైన అంకె అది.
పేదదీ కాదు, ధీమా ఉన్నదీ కాదు.
పొట్టి దుప్పటి: తలకి లాగితే కాళ్లు చలికి,
కాళ్లకి లాగితే తల వానకి.

రోజూ అప్పజెప్పే పాఠమే అప్పజెప్పాను.
గ్రాఫిక్స్ కార్డుకి పదిహేడున్నర వేలు,
బొమ్మ చూపించేది అదే కదా.
ప్రాసెసరుకి ఏడు. అంతకన్నా దిగితే
కోడెనీ ముసలెద్దునీ ఒకే కాడికి కట్టినట్టు,
ఒకటి గుంజుతుంది, ఒకటి చతికిలబడుతుంది.
మదర్‌బోర్డుకి ఐదున్నర,
రేపు ఇంకో ప్రాసెసరు వచ్చినా కుర్చీ వెయ్యగలిగేది.
ర్యామ్ పదహారు, రెండు ముక్కలుగా, రెండువేల నాలుగొందలు.
ఎస్‌ఎస్‌డీ రెండువేల ఆరొందలు.
గాజు తలుపు, రంగుల దీపాల పెట్టె రెండువేల రెండొందలు.
"మిగిలింది ఎనిమిదొందలు. పవర్ సప్లైకి చాలు" అన్నాను
ఆమె కళ్లలోకి చూడకుండా.

ఊరూ పేరూ లేని డబ్బా అది. ఎత్తితే అట్టలా తేలుతుంది.
కనపడని చోటే కదా అందరూ కోత పెట్టేది.

ఇంతకంటే మంచి కార్డు లేదా అంటారు ఎవరైనా.
ఉంది. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు
ఈ అద్దాల బీరువాలోనే ఉన్నాడు.
వాడి తల తన్నేవాడు ఓడలో వస్తున్నాడు.
ఆమె అది అడగలేదు.

"ఆట మధ్యలో ఆగిపోతుందా?" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ల సందులో పిసోనెట్ ఉండేదట,
చెక్కపెట్టెలో కంప్యూటరు, కింద నాణెం మింగే కంత.
ఒక పెసోకి నాలుగు నిమిషాలు.
తెర మూల అంకెలు తగ్గిపోతుంటే
డ్రాగన్ని చూడాలా, అంకెల్ని చూడాలా?
"చిన్నప్పట్నుంచీ ఆడాను కుయా, ఒక్క ఆటకీ చివర చూడలేదు.
ఏదో చీకటి కోటలో నా మనిషి
కత్తి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంటుంది."

రాసిన కాగితం చింపేశాను.

కార్డు ఒక మెట్టు దించాను, మూడువేలు చేతికొచ్చాయి.
గాజు బదులు మామూలు రేకు పెట్టె, ఇంకో వెయ్యి.
ఆ ఎనిమిదొందలూ కలిపితే
బరువైన పవర్ సప్లై, రెండువేల తొమ్మిదొందలు.
చేతిలో పెడితే "ఇటుకలా ఉందే" అని నవ్వింది.
మిగిలిన పంతొమ్మిదొందలకి చిన్న యూపీఎస్:
తుఫానుకి కరెంటు పోయినా
ఆట దాచుకోవడానికి పది నిమిషాలు,
నాణెం లేకుండా.

మా ఓనరు ఆలింగ్ పెర్పెతువా
కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.
దీపాల పెట్టె మీద లాభం ఎక్కువ.
చూస్తే చూసింది.

ప్రాసెసరు నెత్తిన బఠాణీ గింజంత పేస్టు.
ర్యామ్ టక్కుమంటే, విరిగిందేమోనని ఉలిక్కిపడింది.
తీగలన్నీ వెనక్కి తీసి జడలా అల్లాను,
చూసేందుకు గాజు లేకపోయినా.
మీట నువ్వే నొక్కమన్నాను.

ఫ్యాన్లు తిరిగాయి, పక్క వీధిలో వాన పట్టినట్టు.
నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు.
ఆమె కుడిచెయ్యి, తనకు తెలీకుండానే,
జేబులోకి వెళ్లి నాణెం వెతికింది.

నేను చూడనట్టు కిందికి వంగి
పడ్డ మరల్ని అయస్కాంతంతో ఏరుకున్నాను.
ఒకటి తక్కువొచ్చింది.
ఇంకా దొరకలేదు.