మూడు సెకన్ల యాది

పిల్లలు ఎల్లిపోయిండ్రు.
చింతపల్లి బస్సుకు ఇంకా గంటుంది.
కడగాల్సిన అద్దంపలకను కడగకుండ
మళ్లొకసారి మైక్రోస్కోపు కింద పెట్టిన.

దేవరకొండ కాలేజీల నేను ల్యాబు అటెండరును.
పుస్తకంల బొమ్మ కింద రాసిన పేరుకు నాకు నోరు తిరగదు.
కానీ పద్దెనిమిదేండ్లు గాజుసీసాలు తోమిన
కండ్లకు ఏది మురికో, ఏది పానమో ఎరుకే.

డిండి కాలువ నీళ్లు, ఒక్క చుక్క.
అండ్ల దుమ్ము కంటే సన్నటియి ఉరుకుతున్నయి.
ఒక సెకను ఉరుకుడు,
ఎవలో పిలిచినట్టు టక్కున ఆగుడు,
ఉన్నకాడనే గిరగిర బొర్లుడు,
బొర్లినంక ముఖం ఎటు పడితే అటు
మళ్ల ఉరుకుడు.
నీళ్లు మనకే నీళ్లు. వాటికి ముదురు బెల్లంపాకం.
తోక తిప్పుడు ఆపితే
వెంట్రుకవాసి కూడ ముందుకు జారయి.

"కల్లు తాగినయా సార్?" అనడిగిన, కొత్తల.
మైసయ్య సారు నవ్వలే.
చాక్‌పీసు కింద పెట్టి చెప్పిండు:
"దానికి కండ్లు లేవు అండాలూ.
తలకు తోకకు నడుమ దూరమెంతని?
ఇటు తీపెక్కువనా, అటెక్కువనా అని
పక్కపక్కన పెట్టి చూసే జాగా దాని ఒంట్లనే లేదు.
అందుకని కాలంల కొలుస్తది.
ఇప్పుడెట్లుంది, మూడు సెకన్ల కింద ఎట్లుండె,
గంతే దాని యాది.
బాగయితుంటే బొర్లుడు జరంత ఎనక్కి పెట్టుకుంటది.
లేకుంటే ఎప్పటి లెక్కనే బొర్లి చూస్తది."

ఆ రాత్రి నిద్ర పట్టలే.
మా నాయిన ఈదయ్య మతికొచ్చిండు.
నాంపల్లి నుంచి మాల్ దాక బోరు పాయింట్లు చూసేటోడు.
పంగల పుల్ల రెండు చేతుల పట్టుకొని
చెలకల నాలుగడుగులు ఏసి ఆగేటోడు,
మెడ గీరుకొని ఇంకోతట్టు తిరిగేటోడు.
"ముసలోనికి తొవ్వ దొరుకుతలేదు" అని
గట్టు మీది మంది గుసగుస.
తొవ్వంటూ ఉంటే గదా దొరకనీకె.
"నీళ్లేడున్నయో నాకేమెరుక బిడ్డా,
ఇందాకటి కంటే పుల్ల బరువైందా లేదా,
గదొక్కటే ఎరుక" అనేటోడు.
మంది చెలకలల్ల తడి తేలింది.
మా రెండెకరాలల్ల తొమ్మిది బోర్లు,
తొమ్మిదింట్ల తెల్లదుమ్ము.

ఇంకో సంగతి చెప్పిండు సారు.
తీపిల శానసేపుంటే
ఆ తీపి దానికి తీపి గాదంట.
లోపల ఏదో మర ఒక పన్ను బిగుసుకొని
ఎక్కువే మామూలయితదంట.
మా మేనత్త గురించి సారుకు తెల్వదు.
యాభై ఏండ్లు ఊరి చేదబాయి నీళ్లే తాగింది.
నడుము కొడవలి లెక్క ఒంగినంక
నల్లాల కృష్ణ నీళ్లొచ్చినయి.
ఒక్క గుక్క పుక్కిలించి ఉమ్మింది.
"సప్పగున్నయి."

ఇయ్యాల నేనొక్కదాన్నే ఒక పని జేసిన.
ఎండదెబ్బకని బీరువల దాచిన గ్లూకోజు పొడి
చిటికెడు కలిపి, సన్నటి గాజుగొట్టంల గుంజి
దాని మూతిని చుక్కల ముంచిన.
శానసేపు ఏం గాలే.
ఫ్యాను ఆగింది, కరెంటు పోయింది,
అద్దాన్ని కిటికీ ఎండకు తిప్పుకున్న.
అప్పుడు చూస్తే,
గొట్టం మూతికాడ మబ్బు పట్టినట్టు మంది.

ఒక్కదానికన్న తెల్వదు ఆడికి పోతున్నట్టు.
ఒక్కటన్న తిన్నగ ఉరకలే.
మరిచి, బొర్లి, మరిచి, బొర్లి
అందరొచ్చి ఆడనే చేరిండ్రు.
నాయిన ఉంటే చూపెట్టేదాన్ని.
పుల్లను పక్కకు పెట్టి
ఈ గొట్టానికి కన్ను ఆనించేటోడు,
ఏమనేటోడో మాత్రం నాకు తెల్వదు.

రోడ్డు మీద హారను మోగింది.
పలక కడగాలె, రూలు.
స్పిరిటు సీస మూత తీస్తే
వాసన ముందుగాల నాకే తగిలింది.
చెయ్యి లేపి,
మూడు సెకన్లు ఆగిన.