ఇరవైనాలుగో వంతు

పగలు పళ్ళు చేస్తాను.
అయనావరంలో ఒక డెంటల్ ల్యాబులో
ఎవరివో తెలియని దవడల అచ్చులు ముందేసుకుని
మైనం చెక్కి, గులాబిరంగు చిగుళ్ళు పోసి
రోజుకు ఆరేడు నోళ్ళు నింపి పంపిస్తాను.
రాత్రి అవే చేతులు, అవే పనిముట్లు,
ఒక లారీ కోసం.

నలభై ఆరేళ్ళ ఆడమనిషికి బొమ్మ బండ్లేమిటని
మేడ కింద ఇస్త్రీ చేసే కన్నియప్పన్ కూడా అడిగాడు.
బొమ్మకయితే చక్రాలు తిరిగితే చాలు.
దీనికి తుప్పు కూడా లెక్కప్రకారం పట్టాలి.

జనవరిలో, తెల్లవారుజామున మూడింటికి
కోయంబేడు మార్కెట్ వెనక
గూడూరు నిమ్మకాయలు దించుతున్న బండి పక్కన
టేపు పట్టుకుని నిలబడ్డాను.
బంపరు పొడవు రాసుకున్నాను, తొట్టి లోతు,
టార్పాలిన్ కొక్కేల మధ్య ఎడం.
క్యాబిన్లోంచి డ్రైవరు దూకాడు:
"ఏందమ్మా, ఫైనాన్సోళ్ళు పంపినారా?"
రెండు కిస్తీలు తప్పిన మనిషి గొంతు.
పేరు పెంచలయ్య.
ఎందుకో చెప్పేసరికి టీ చల్లారింది,
ఆయనదీ, నాదీ.
చివరికి టేపు అవతలి కొస ఆయనే పట్టుకున్నాడు.

ఆ తరవాత ఏడు నెలలు.
పది చక్రాల బండికి హబ్బులు ఆరే.
హబ్బుకు పది నట్లు, మొత్తం అరవై,
ఒక్కోటీ పంటి డ్రిల్లుతో ఆరు మూలలు తీర్చింది,
ఊపిరి గట్టిగా విడిస్తే ఎగిరిపోయేది.
పదకొండోది కిందపడితే
రెండు గంటలు మోకాళ్ళ మీద వెతికాను,
చీపురుపుల్లల మధ్య దొరికింది.
వెనక లైట్లకు అమ్మ ఎర్రగాజు ముక్క.
బురదకు మాత్రం రంగు కలపలేదు.
ఆ రోజు చెప్పులకంటిన కోయంబేడు మట్టినే
ఎండబెట్టి, పట్టుగుడ్డలో జల్లించి అద్దాను;
ఈ కొలతలో ఇసుకరేణువు కూడా గులకరాయే.

అన్నిటినీ ఇరవైనాలుగుతో భాగించొచ్చు.
నీళ్ళు ఒప్పుకోవు.
ఎంత చిన్న బండి మీద పడినా
చుక్క చుక్కంతే ఉంటుంది.
వాన మరకల దగ్గర నాలుగుసార్లు ఓడిపోయాను.

బంపరుకు వేలాడే నిమ్మకాయను లెక్కేస్తే
సరిగ్గా ఆవగింజంత వచ్చింది.
పోపులపెట్టెలో అన్నీ నల్లవే.
షావుకారుపేట దాకా వెళ్ళి
పసుపు ఆవాల పొట్లం తెచ్చాను, ఇరవై రూపాయలు.
ఒక గింజ బండికి,
మిగతావన్నీ చారులోకి.

శ్రావణంలో పూర్తయింది. ఫోను చేస్తే
బండి పుదుపేటకు పోయిందన్నాడు.
ఇంజను ఒకడికి, తలుపులు ఒకడికి,
"మిగతాది తూకానికి వేసినారమ్మా."

అయినా వచ్చాడు.
చెప్పులు మెట్ల కిందే విడిచి మూడంతస్తులు ఎక్కి,
బల్ల ముందు గొంతుక్కూర్చుని
ఒక కన్ను మూసి, రెండోది కిటికీకి ఆనించి
స్టీరింగు చూశాడు, సీటు మీద వైరు అల్లిక చూశాడు,
సీటు కుంగినచోట ఆగిపోయాడు.
ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.
తరవాత వేలు చూపించి:
"ఎడం అద్దం పగిలి మూడేళ్ళు.
నువ్వు మంచిది పెట్టినావే."

నిజమే, నా నోటుబుక్కులో రాసే ఉంది.
పట్టకారు అందుకున్నాను, ఒక్క నొక్కు చాలు.
"వద్దులేమ్మా, ఉండనీ.
దీనికన్నా ఎడంపక్క కనపడనీ."

మూడేళ్ళ కిందట ఆ పక్కన ఏం కనపడలేదో
నేను అడగలేదు.

పోతూ పోతూ జేబులోంచి
గూడూరు కాయ ఒకటి తీసి తొట్టిలో పెట్టాడు.
పంటి తీగతో నేను వంచిన స్ప్రింగు పట్టీలు
ఆ ఒక్క కాయకే కొంచెం కుంగాయి.

ఆయన మెట్లు దిగాక కొలిచాను:
అర మిల్లీమీటరు.
ఇరవైనాలుగుతో హెచ్చవేసి
అసలు బండికి ఎంతవుతుందో చూసుకుంటూ
ఇంకా పడుకోలేదు.